మూడు చిప్పుల దీపం

మా అత్తమ్మ నాతో మాట్లాడేది కాదు. మా మధ్య కోపతాపాలేమీ లేవు. వాళ్ల ఇళ్లల్లో అల్లుడి ముందు అత్త నోరు విప్పదు, కుర్చీలో కూర్చోదు, తల మీది కొంగు జారనివ్వదు. నేను గదిలోకి వస్తే ఆమె లేచి నిలబడేది. ఆమె లేస్తుందని నేను ఆ గదిలోకి వెళ్లేవాణ్ని కాదు. చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో మేడమీది పోర్షన్ మాది. ముందుగది, లోపలి గది, వంటిల్లు, ఇంతే. అంత ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరి కంట ఒకరు పడకుండా నాలుగేళ్లు గడపడం మాటలు కాదు.

మామగారు పోయాక, మా ఆవిడ ఒక్కతే కూతురు కాబట్టి, ఆమెను మా దగ్గరికే తెచ్చుకున్నాం. అల్లుడి ఇంట్లో కూర్చుని తినడం ఆమెకు చివరిదాకా మింగుడుపడలేదు. అందుకని రోజూ ఏదో ఒక పని కల్పించుకునేది. బియ్యంలో లేని రాళ్లు ఏరేది. మధ్యాహ్నమంతా దూది ముందేసుకుని వత్తులు చేసేది. మా ఇంట్లో ఉన్నన్ని వత్తులు గుళ్లో కూడా ఉండవని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఏదైనా కావలసివస్తే మా ఆవిడతో చెప్పేది. మా ఆవిడ నారాయణగూడలో ఒక స్కూల్లో టీచరు, సాయంత్రం దాకా ఇంట్లో ఉండదు. అలాంటప్పుడు అత్తమ్మ గోడకు చెప్పేది. "బిందెల నీళ్లు అయిపోయినట్టున్నయి" అని గోడవైపు చూస్తూ అనేది. కొత్తలో నాకు అర్థం కాక, పాపం ఒంటరితనం వల్ల తనలో తాను మాట్లాడుకుంటోందని జాలిపడ్డాను. ఆ సంగతి చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"మిమ్మల్నే అన్నది. గోడ పడ్తదా నీళ్లు?"

ఆ తర్వాత గోడకు చెప్పినవన్నీ నేనే చేసేవాణ్ని. నీళ్లు పట్టేవాణ్ని, మందులు తెచ్చేవాణ్ని. నేనూ ఆమెకు జవాబు చెప్పేవాణ్ని కాదు. పని చేసి, వస్తువు గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయేవాణ్ని. మర్యాద అంటే అదే అనుకున్నాను.

పంతొమ్మిది వందల తొంభైల నడిమిలో ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. పొగాకు ముట్టని మనిషి. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు కూర్చున్న ఆడవాళ్లకు ఇలా వస్తుందని హిమాయత్‌నగర్ డాక్టరు చెప్పాడు. రాత్రీ పగలూ ఆక్సిజన్ మీదే ఉండాలన్నాడు. నారాయణగూడలో ఒక దుకాణం నుంచి సిలిండరు తెప్పించాం. దాన్ని భుజాన మోసుకొచ్చిన మనిషి లోపలి గదిలో దించి, చెమట తుడుచుకుంటూ, "అగ్గి దగ్గరికి తేవద్దు, అమ్మకు చెప్పున్రి" అన్నాడు. సిలిండరు అత్తమ్మంత ఎత్తు ఉంది. దాని మెడ దగ్గర ఒక నీళ్ల సీసా, అందులో బుడగలు, అక్కడి నుంచి ఆమె ముక్కు దాకా సన్నటి గొట్టం. ఆ బుడగల చప్పుడు ఇల్లంతా వినిపించేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. లోపలి గదిలో తూర్పు గోడకు ఒక గూడు ఉంది. రోజూ పొద్దుగుంకే వేళ ఆ గూట్లో అత్తమ్మ దీపం పెడుతుంది. పెళ్లయిన నాటి నుంచి పెడుతున్న దీపం. ఇంట్లో చివరి మనిషి అన్నం తినేదాకా ఆ దీపం కొండెక్కకూడదు, అదీ ఆమె పట్టింపు. దీపం ఆరిపోయిందనే మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు, ఎవరైనా అన్నా చెవులు మూసుకునేది. అందరం తిన్నాక మిగిలిన నూనె అయిపోతే దీపం దానంతట అది కొండెక్కుతుంది. అంతదాకా కనిపెట్టుకుని ఉండి, సన్నబడినప్పుడల్లా నూనె పోస్తుంది.

వంటింట్లో తను పెడతానని మా ఆవిడ ఎంత బతిమాలిందో.

"నువ్వు పెడ్తె నీ దీపమైతది. నా దీపం నేనే పెట్టాలె" అంది అత్తమ్మ.

ఆమె కనిపెట్టిన ఉపాయం వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. సాయంత్రం అయిదున్నరకు సిలిండరు తాళం తనే తిప్పి మూసేసేది. గొట్టం తీసి మంచానికి చుట్టేది. కిటికీలు తెరిచి గదిలో చేరిన ఆక్సిజన్ పోయేదాకా కూర్చుని, ఆ తర్వాత అగ్గిపుల్ల గీసేది. ఇక దీపం వెలిగినంతసేపు ఆక్సిజన్ లేదు. గోడకు ఆనుకుని, భుజాలు ఎగరేస్తూ, నోటితో గాలి లాగుతూ కూర్చునేది. గోళ్లు నీలంగా మారేవి. ఆ బాధ చూడలేక మేము ఆరున్నరకే అన్నం తినడం మొదలుపెట్టాం. చీకటి పడీ పడకముందే ఆకలి లేకుండా గబగబా నాలుగు ముద్దలు మింగి, "తిన్నం అమ్మా, అందరం తిన్నం" అని మా ఆవిడ కంచాలు చూపించేది. అప్పుడు ఆమె నూనె పోయడం మానేది. అప్పటికి గంట గడిచేది.

డాక్టరు మా ఆవిడను పక్కకు పిలిచి చెప్పాడు. రోజూ గంటసేపు ఇలా గాలి లేకుండా ఉంటే గుండె తట్టుకోదు, ఈ చలికాలం గడవడం కూడా కష్టమే అన్నాడు. మా ఆవిడ ఇంటికొచ్చి తల్లితో పోట్లాడింది, ఏడ్చింది, రెండు రోజులు అగ్గిపెట్టె దాచింది. అత్తమ్మ కింది పోర్షన్ వాళ్లను అడిగి తెప్పించుకుంది. ఇక ఆ తల్లీకూతుళ్ల మధ్య చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. నేను పనిచేసేది అశోక్‌నగర్‌లో ఒక చిన్న కంపెనీలో. బ్యాంకుల్లో టోకెన్ నంబర్లు చూపించే బోర్డులు, దుకాణాల మీద అక్షరాలు పరుగెత్తే బోర్డులు చేసేవాళ్లం. ఎల్‌ఈడీలు వెలిగించడమే నా కూడు. వేలెడంత చిప్పు ఒకటి మా దగ్గర ఉండేది. దాని కింద అరవై నాలుగు ఎల్‌ఈడీలు పెట్టుకోవచ్చు. ఏ ఎల్‌ఈడీ వెలగాలి, ఏది ఆరాలి అని ఒక్కో అంకె పంపిస్తే చాలు, మళ్లీ చెప్పేదాకా అది గుర్తుపెట్టుకుని వెలిగిస్తూనే ఉంటుంది. ప్రకాశానికి పదహారు మెట్లు. పడుకోమంటే పడుకుంటుంది, అప్పుడు కరెంటు దాదాపు తాగదు. నాలుగు చిన్న బ్యాటరీల మీద రోజుల తరబడి నడుస్తుంది. కరెంటు పోయే ఊళ్లో అది చిన్న సంగతి కాదు. దాంతో దీపం చేస్తాను, అగ్గి లేని దీపం, ముక్కుకు గొట్టం ఉండగానే పెట్టుకోవచ్చు అని మా ఆవిడతో అన్నాను.

"అమ్మ ఒప్పుకోదు" అంది మా ఆవిడ. మళ్లీ తనే, "చెయ్యున్రి" అంది.

వారంలో తయారుచేశాను. అత్తమ్మదే ఒక ఇత్తడి దీపపు కుంది తీసుకుని అందులో ఎరుపు, నారింజ, పసుపు ఎల్‌ఈడీలు దీపం ఆకారంలో పేర్చి, చుట్టూ పాలరంగు ప్లాస్టిక్ చుట్టాను. ఆజ్ఞలిచ్చే ఇంకో చిప్పు ఉంటుంది, దాని నెత్తిన చిన్న గాజు కిటికీ. ప్రోగ్రాం ఆఫీసు కంప్యూటర్లో రాసి అందులోకి ఎక్కించాలి. తప్పు దొర్లితే దాన్ని అల్ట్రావయొలెట్ పెట్టెలో ఇరవై నిమిషాలు పెట్టి రాసినదంతా చెరిపి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. కంప్యూటరు ఇంట్లో లేదు. కాబట్టి ఒక్క తప్పు దిద్దడానికి ఒక రోజు. పొద్దున ఆఫీసులో దిద్దడం, సాయంత్రం చిప్పు వెండికాగితంలో చుట్టి జేబులో వేసుకుని నడిచి రావడం, గూట్లో పెట్టి చూడడం.

మొదటి రోజు దీపం గూట్లో పెట్టి, మీట నొక్కి, ముందుగదిలోకి వచ్చేశాను. నా లెక్క ప్రకారం దీపమంటే వణకడం. అందుకని క్షణానికి పదిసార్లు ప్రకాశం మారేలా రాశాను.  తర్వాత అత్తమ్మ గొంతు, గోడకు చెప్పే గొంతు వినిపించింది.

"దీనికేదో చలిజొరమొచ్చినట్టున్నది."

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం కాలింది. వారం రోజుల కష్టం. మర్నాడు ఆ వణుకు మొత్తం తీసేశాను.

"ఇది వీధిలైటు" అంది గోడతో.

మూడో రోజు మొండిగా ఏమీ మార్చకుండా అదే తెచ్చి పెట్టాను.  అయిదున్నరకు అత్తమ్మ సిలిండరు మూసేసి, నా దీపాన్ని పక్కకు జరిపి, తన దీపం పెట్టుకుంది. ముందుగదిలో కూర్చుని ఆ గంటసేపూ ఆమె ఊపిరి విన్నాను. అది విన్నాక మొండితనం దిగింది.

మా ఆవిడ స్కూల్లో పరీక్షలు వచ్చిపడడంతో నాలుగో రోజు నేనే ముందుగా ఇంటికొచ్చాను. గూట్లో దీపం పెట్టాను. వెనక్కి తిరిగే లోపే అత్తమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. ముఖం గోడకే ఉంది. కొంగు తలమీదే ఉంది.

"దీపం ఊకెనే ఊగదు. ఎవలన్న నడిస్తె ఊగుతది, తలుపు తెరిస్తె ఊగుతది. ఎవ్వలు కదలకుంటె నిలుస్తది. నిలిచినా గానీ పానముంటది దానికి."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"వంగేటప్పుడు జల్ది వంగుతది. లేసేటప్పుడు జర సేపయితది. మొదలు కొన కదులుతది, ఎనక కడుపు కదులుతది. చేసెటోల్లు ఎన్నడు దీపం దిక్కు చూసినట్టు లేదు."

చివరి మాట నాకే తగిలింది. తగలాలనే అన్నది. నేను సర్క్యూటు గీసుకున్న కాగితం వెనకవైపు ఆ మాటలన్నీ రాసుకున్నాను. మర్నాడు ఆఫీసు స్టోరు గదిలో తలుపు వేసుకుని, ఒక ప్రమిద వెలిగించి ముందు కూర్చున్నాను. ముప్పై ఆరేళ్ల మనిషిని, రోజూ దీపం ఉన్న ఇంట్లో పెరిగినవాణ్ని, మొదటిసారి దీపాన్ని చూశాను. ఆమె చెప్పినదాంట్లో అక్షరం తప్పులేదు. మాతో పనిచేసే కుర్రాడొకడు తలుపు తీసి, "ఏంది అన్నా, మొక్కుబడా?" అని నవ్వి పోయాడు. వాడు తలుపు తీయగానే కొన ముందు వంగింది, కడుపు తర్వాత వంగింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒక చిప్పు కింద ఉన్న ఎల్‌ఈడీలన్నిటికీ కలిపి ఒకటే ప్రకాశం. పెరిగితే అన్నీ పెరగాలి, తగ్గితే అన్నీ తగ్గాలి. కొన ఒక దారి, కడుపు ఒక దారి పోవడం దాని వల్ల కాదు. అందుకని మూడు చిప్పులు పెట్టాను. కొనకొకటి, కడుపుకొకటి, వత్తి దగ్గరి మొదలుకొకటి. కొనకు ఆజ్ఞ ముందు వెళుతుంది, కాస్త ఆగి కడుపుకు, మొదలుకు చాలా కొద్దిగా. వంగడానికి నాలుగు అడుగులు, లేవడానికి పదకొండు. మధ్యలో నిశ్చలంగా ఎంతసేపు ఉండాలో ప్రతిసారీ కొత్త లెక్క, ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండకూడదు. నిలిచిన దీపానికి ప్రాణం ఉండాలంది కదా, అందుకని కడుపు ప్రకాశం అప్పుడప్పుడు ఒక్క మెట్టు మాత్రం దిగి ఎక్కేలా రాశాను. ఆ ఒక్క మెట్టు కుదరడానికి మూడు రోజులు పట్టింది.

రోజూ సాయంత్రం ఆమె గోడకు చెప్పేది, నేను కాగితం మీద రాసుకునేవాణ్ని. "కడుపుల నీలం ఉంటది దీపానికి" అందొకరోజు. ఆ రోజుల్లో నీలం ఎల్‌ఈడీ మా కంపెనీలో ఎవరూ కంటితో చూడలేదు. ఏం చేయాలో తోచక కడుపు కింద, మొదలు దగ్గర నాలుగు ఎల్‌ఈడీలు తీసేసి అక్కడ చీకటి ఉంచాను. ఆమె చాలాసేపు చూసింది. "సరే తియ్" అంది. ఆ రెండు మాటలకు నేను పొంగిపోయిన తీరు చెప్పుకుంటే సిగ్గు. మా ఓనరు జీతం పెంచినప్పుడు కూడా అంత పొంగలేదు.

ఇంత జరుగుతున్నా సాయంత్రం సిలిండరు మూయడం మాత్రం మానలేదు. ముందు నా దీపం చూసేది, తప్పులు చెప్పేది, తర్వాత తన దీపం పెట్టుకునేది. చలి పెరుగుతోంది. గోడకు చెప్పే మాటల మధ్య ఊపిరి కోసం ఆగడం ఎక్కువైంది. ఒక వాక్యానికి మూడు చోట్ల ఆగేది. ఇంకేం తక్కువైందో అడుగు అని మా ఆవిడను పంపాను.

"నూనె పోసేదెట్ల? ఎన్నడు కొండెక్కని దీపం దీపమెట్లయితది? దానికి నా అవుసరమేమున్నది?" అందట.

అదీ సంగతి. నేను అంతవరకు ఎప్పటికీ ఆరని దీపం చేస్తున్నానని మురిసిపోతున్నాను. ఆమెకు కావలసింది తను కనిపెట్టుకుని ఉండాల్సిన దీపం. ఆ ఇంట్లో ఆమె చేతులకు మిగిలిన పని అదొక్కటే. నూనె అయిపోతుంటే ఎలా ఉంటుందో కూడా మా ఆవిడతో అడిగించి కనుక్కున్నాను. సన్నబడుతుంది, పసుపు పోయి ఎర్రబడుతుంది, చివరన ఒక్కసారి పెద్దగా లేస్తుంది, ఆ తర్వాత కొండెక్కుతుంది. అలాగే రాశాను. నలభై నిమిషాలు వెలిగాక మెల్లగా ఒక్కో మెట్టు దిగడం, ఎర్రబడడం, చివరన ఒక్క ఎగురు, చీకటి. కుంది వెనకవైపు ఒక చిన్న బటన్ పెట్టాను. సన్నబడుతున్నప్పుడు దాన్ని నొక్కితే మళ్లీ నలభై నిమిషాలు. దాన్ని మేం నూనె అనేవాళ్లం.

ఆ సాయంత్రం అత్తమ్మ స్నానం చేసి, ముక్కుకు గొట్టంతోనే గూటి దగ్గరికి నడిచింది. గొట్టం అక్కడికి సరిగ్గా సరిపోయింది. మీట నొక్కింది. దీపానికి దండం పెట్టుకుంది. సిలిండరులో బుడగలు ఆగలేదు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు ఊరికే సర్దింది, నేనేమో ముందుగదిలో పేపరు తలకిందులుగా పట్టుకున్నాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఎనిమిది గంటలకు, ఆకలితో అన్నం తిన్నాం. నడుమ రెండుసార్లు మా ఆవిడ తల్లి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది, అత్తమ్మ నూనె పోసింది.

ఆ తర్వాత అయిదు వారాలు ఆమె బాగుంది. గోళ్లకు రంగు వచ్చింది. డాక్టరు మా ఆవిడతో, ఇలా సాగితే ఇంకో రెండేళ్లకు ఢోకా లేదన్నాడు. నేను ఆఫీసులో తిరిగే తీరు మారింది. మన చేతిలో విద్య ఉంది, దాంతో ఒక మనిషిని నిలబెట్టాం అనుకున్నాను. అత్తమ్మ గోడతో మాట్లాడడం మానలేదు, పైగా పెరిగింది. ఇవాళ కొన మంచిగ వంగింది, ఇవాళ జర బద్ధకంగున్నది, ఇట్లా. బ్యాటరీలు నీరసపడ్డాయని నాకన్నా ముందు ఆమెకే తెలిసేది. ఆమె మాటలన్నీ నేను ముందుగదిలో కూర్చుని వినేవాణ్ని. ఆమె గొంతు వినిపించగానే నా చెయ్యి కాగితం మీదికి పోయేది. అంత అలవాటైపోయింది.

ఆ రోజు మా ఆవిడకు స్కూల్లో పేపర్లు దిద్దే పని. ఏడు దాటుతుందని పొద్దునే చెప్పింది. నేను తొందరగా వచ్చాను. ఆరు గంటలకు అత్తమ్మ దీపం పెట్టుకోవడం, మెల్లగా మంచం దగ్గరికి తిరిగి రావడం వినిపించింది. నేను ముందుగదిలో బల్ల ముందు కూర్చుని ఏదో బోర్డుకు టంకం పెడుతున్నాను. మధ్యలో తలుపు సగం తెరిచే ఉంది.

ఆరు నలభై అయి ఉంటుంది. లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది.

"దీపం సన్నగైతున్నది."

నాకు సంతోషం వేసింది. ఇది దాచుకోను. ముందురోజే ఆ సన్నబడే భాగాన్ని కొంచెం మార్చాను, మరీ మెట్లు మెట్లుగా దిగుతోందనిపించి నున్నగా చేశాను. ఆమె గమనించింది అనుకున్నాను. కాగితం తీసి ఆ వాక్యం రాసి, పక్కన టిక్కు పెట్టాను. మళ్లీ టంకం చేతిలోకి తీసుకున్నాను.

"ఎర్రగైంది" అంది కాసేపటికి. ఆ గొంతులో తొందర ఉంది. అప్పుడు నాకు వినపడలేదు, ఇప్పుడు వినపడుతుంది.

మంచం కిర్రుమంది. ఆ వెంటనే పడిన చప్పుడు. బుడగల చప్పుడు గాలి బుస్సుమనే చప్పుడుగా మారింది. నేను పరుగెత్తేసరికి ఆమె మంచానికీ గూటికీ మధ్య నేలమీద ఒక పక్కకు పడి ఉంది. గొట్టం కాలికి చుట్టుకుని సీసా నుంచి ఊడిపోయింది. ఆమె చెయ్యి ఇంకా గూటివైపే చాచి ఉంది. నేను తల ఎత్తి చూశాను, ఎందుకు చూశానో తెలియదు. దీపం చివరి ఎగురులో ఉంది. పసుపు మొత్తం ఒక్కసారి పైకి లేచి, కొన నిటారుగా నిలబడి, ఎంత అందంగా కుదిరిందంటే, ఆ క్షణంలో కూడా నాలోని పనివాడు అది గమనించాడు. ఆ తర్వాత చీకటి. ఆ చీకట్లోనే తడుముకుంటూ గొట్టం అతికించాను.

ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. రెండు చేతుల మీద ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. అంత నొప్పిలోనూ ఆమె జారిన కొంగు తలమీదికి లాక్కోవాలని చూసింది. చెయ్యి లేవలేదు. నేనే కప్పాను.

తుంటి ఎముక విరిగింది. హైదర్‌గూడలో ఒక నర్సింగ్‌హోంలో చేర్పించాం. మత్తు ఇస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవు, ఆపరేషన్ చేయలేమన్నారు. పడుకునే ఉండడం వల్ల ఛాతీలో నెమ్ము చేరింది. మూడో రోజు సాయంత్రం కళ్లు తెరిచి, నేను అక్కడే నిలబడి ఉండగా, మా ఆవిడతో అంది.

"దీపమున్నదా, కొండెక్కిందా, అడుగు."

మా ఆవిడ నావైపు చూసింది. నేను మంచం దగ్గరికి వంగాను.

"ఉన్నది అత్తమ్మా. నూనె పోసిన" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఎప్పుడూ చూడని మనిషి అంతసేపు చూసింది. నమ్మిందో, అల్లుడి మాట కాదనకూడదని ఊరుకుందో తెలియదు. అయిదో రోజు తెల్లవారుజామున పోయింది. నేను ఆమెతో మాట్లాడింది ఆ ఒక్క ముక్క, అదీ అబద్ధం.

తలాపున పెట్టే దీపం మా ఆవిడ నిజమైన నూనెతోనే పెట్టింది. సిలిండరు అప్పటికే వాపసు పంపించాం. వచ్చినవాళ్లందరూ నన్ను మెచ్చుకున్నారు. కొడుకు కూడా ఇంత చేయడు, దీపం చేసిచ్చాడంట అని చెప్పుకున్నారు. నేను ఆ మాటలు వింటూ కూర్చున్నాను. మెచ్చుకోలు అంత చేదుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

పన్నెండో రోజు దాటి చుట్టాలు వెళ్లిపోయాక, ఒక సాయంత్రం మా ఆవిడా నేనూ లోపలి గదిలో కూర్చున్నాం. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఇన్నాళ్లుగా నాలో దాచుకున్న మాట బయటికి వచ్చేసింది. అందులో బాధతో పాటు కొంత ఉక్రోషం కూడా ఉంది.

"పక్క గదిలనే ఉన్న గద నేను. లేసి నూనె పోసుడు నాకెంతసేపు? ఒక్కసారి పిలువకపోయె మీ అమ్మ."

మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పడేముందు ఏమన్న అన్నదా?"

చెప్పాను. మొదట దీపం సన్నగవుతోందన్నదని, తర్వాత ఎర్రగైందన్నదని.   మా ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"పిలిచింది గద. రెండుసార్లు పిలిచింది. అమ్మ మిమ్మల్ని ఇంకెట్ల పిలుస్తది?"

నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను.  ఆమె పిలిచింది. నాకు వినిపించింది. నేను లేవలేదు.